ఏడో నంబరు ఫోటో

6 ఫిబ్రవరి 2006, సోమవారం. కర్నూలు

నోటీసు అందింది. ఈ నెల 16, గురువారం ఉదయం పదిన్నరకు బేతంచెర్ల మండల ఆఫీసులో విచారణ. సాక్షిగా హాజరు కావాలి. సంతకం చేసి తీసుకున్నాను.

అక్కడ తడబడకుండా ఉండేందుకు జరిగింది వరుసగా రాసి పెట్టుకుంటున్నాను.

పోయిన డిసెంబరు 12. బండల పాలిష్ మిషన్ల కరెంటు కోత మీద వార్త కోసం బేతంచెర్ల వెళ్లాను. ఉదయం ఏడున్నరకు రైల్వే స్టేషన్ అవతల, బండల వ్యాపారి ప్రదీప్‌కుమార్ పాత గని దగ్గర జనం కనిపిస్తే ఆగాను. నాపరాయి తీసి వదిలేసిన గుంత అది. నిండా నీళ్లు, లోతు నలభై అడుగులు. పాలిష్ మిషన్‌లో పనిచేసే నరసన్న, 34 ఏళ్లు, షిఫ్టుకు నడిచిపోతూ జారి పడ్డాడు. బాటకూ గుంత అంచుకూ మధ్య రెండడుగులు. కంచె లేదు. అడ్డంగా ఒక రాయి కూడా లేదు.

శవాన్ని తీసింది చిన్న ఈరన్న. చుట్టుపక్కల గుంతల్లో ఎవరు మునిగినా అతన్నే పిలుస్తారు. నడుముకు తాడు కట్టుకుని, ఒక నాపబండను గుండెలకు హత్తుకుని అంచు మీది నుంచి దూకుతాడు. బండ బరువుకు నేరుగా అడుగుకు పోతాడు. బండ అక్కడే వదిలేసి చేతులతో తడుముతాడు. గట్టు మీద జనం గట్టిగా అంకెలు లెక్కపెడతారు. అరవై దాటితే తాడు లాగేస్తారు. మూడో మునకలో నరసన్న దొరికాడు. ఆ మునక లెక్క యాభై మూడు.

పదకొండు ఫోటోలు తీశాను. పేపర్లో ఒకటే వచ్చింది. శవం పక్కన భార్య సుంకమ్మ, చుట్టూ ఉన్నదంతా కత్తిరించి. ఏడో నంబరు ఫోటోలో ఈరన్న బండ పట్టుకుని దూకబోతూ అంచున నిలబడి ఉన్నాడు. అతని వెనక అంచు మొత్తం కనిపిస్తుంది. కంచె లేదు. కెమెరాలో చూపిస్తే ఈరన్న తనకో కాపీ కావాలన్నాడు. ఇస్తానన్నాను.

డిసెంబరు 14న కంచె వేశారు. కంచె మొదటినుంచీ ఉందనీ, నరసన్న తాగి, స్నానానికని కంచె దాటి దిగాడనీ యజమాని వాదన. కంచె ఉందని తేలితే తప్పు చచ్చిపోయినవాడిది. లేదని తేలితే యజమానిది. సుంకమ్మకు పరిహారం వచ్చేదీ రానిదీ దీని మీదే ఉంది.

ఆఫీసు కంప్యూటర్‌కు వైరస్ వచ్చి జనవరిలో ఫార్మాట్ చేశారు. అందులో ఉన్న కాపీలు పోయాయి. నా కెమెరా కార్డులో ఉన్నవే మిగిలాయి. ప్రింట్లు వేయించాలి.

8, బుధవారం

ప్రదీప్‌కుమార్ మా ఆఫీసుకు వచ్చాడు. నేను ఒక్కణ్ణే ఉన్నాను. అరగంట కూర్చున్నాడు.

"ఏం సార్, మొకమంతా వాడిపోయిండాది? రెస్టు తీసుకుంటాండారా లేదా?"

"పని ఉంటుంది కదా."

"పని యాడికి పోతాది సార్? ఏడాదికోసారి మా డీలర్లను యాడికన్నా తిప్పుకొస్తాం. బాగా అమ్మినోళ్లకు. ఈ తూరి అండమాన్. ఒకాయప్ప రాలేనన్నాడు. టికెట్టు ఊరికే పోతాది, మీరు పోయి రాండి. నీళ్ల అడుగుకు తీసకపోయి చేపలు చూపిస్తారంట. మీ అట్లాటోళ్లు చూస్తే నాలుగు ముక్కలు రాస్తారు."

"ఎప్పుడు?"

"పదకొండున బయల్దేరి ఇరవైకి ఇంట్లో ఉంటారు."

విచారణ మాట అతను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. చూస్తానన్నాను.

9

విచారణ ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారీ పడుతుంది. ఇలాంటివి పదిహేను చూశాను.

సునామీ వచ్చి పద్నాలుగు నెలలైంది. అండమాన్ ఎలా కోలుకుంటోందో మా పేపర్లో ఎవరూ రాయలేదు. ఆదివారం అనుబంధానికి మంచి వ్యాసం అవుతుంది.

22 ఏళ్ల సర్వీసులో వరుసగా ఆరు రోజులు సెలవు పెట్టింది లేదు.

10, శుక్రవారం

సెలవు మంజూరైంది. ఇంట్లో చెప్పాను.

"ఎవరు పంపిస్తాండారు?" అంది పద్మశ్రీ. బడి పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతూ ఉంది, తలెత్తలేదు.

"టూరిజం వాళ్లు. ప్రెస్ టూర్."

"మీ ఒక్కరినేనా?"

"జిల్లాకు ఒకరిని."

అడగని దానికి కూడా జవాబు చెప్పాను. అబద్ధం చెప్పేవాళ్లు అలాగే చేస్తారని కొత్తగా చేరిన విలేకరులకు నేనే చెబుతుంటాను.

ప్రింట్లు వేయించలేదు. స్టూడియో మూసి ఉంది. కార్డు కెమెరాలోనే ఉంది. నాతోనే తీసుకుపోతున్నాను, భద్రంగా ఉంటుంది.

11, శనివారం. రైల్లో

ప్రదీప్‌కుమార్ మేనేజరు ఉమామహేశ్వర కర్నూలులో నన్ను ఎక్కించాడు. "సార్, లోయర్ బెర్త్ మీకే" అని రెండుసార్లు చెప్పాడు. డీలర్లు తొమ్మిది మంది. కడపలో రామలింగయ్య ఎక్కాడు. అరవై ఏళ్లుంటాయి, అక్కడ బండల కొట్టు. భార్య కట్టిచ్చిన బుట్టలు నాలుగు. ఎక్కగానే అందరికీ బొరుగులూ కారాలూ పంచాడు.

12, ఆదివారం. దీవి

మద్రాసు నుంచి విమానంలో పోర్ట్‌బ్లెయిర్ రెండు గంటలు. అక్కడి నుంచి ఓడ. సాయంకాలానికి హేవ్‌లాక్ దీవి చేరాం. సముద్రానికి ఎదురుగా చెక్క గదులు. ఫోన్ సిగ్నల్ లేదు. బజార్లో ఒక ఎస్టీడీ బూత్. రిసార్టు ఆఫీసులో ఇంటర్నెట్ ఉంది, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా.

13, సోమవారం

ఉదయం క్లాసు. నేర్పేవాడి పేరు ఏసుమణి. పోర్ట్‌బ్లెయిర్‌లో పుట్టాడు. అమ్మ వైపు వాళ్లది శ్రీకాకుళం, తెలుగు బాగా మాట్లాడతాడు. ముందు ఒక కాగితం నింపాలి. ఆస్తమా ఉందా, గుండె జబ్బు ఉందా, చెవిలో చీము ఉందా. ముప్పై ప్రశ్నలు. అన్నింటికీ లేదు అని రాసి సంతకం చేశాను.

మొలలోతు నీళ్లలో నిలబెట్టి చెప్పాడు: "ఒకటే రూలండి. ఊపిరి బిగపెట్టకండి. ఏటైనా అవనీండి, పీలుస్తా వదుల్తా ఉండాల. బిగపెట్టినోడికే ప్రమాదం."

వీపున గాలి సిలిండర్. నోట్లో రబ్బరు గొట్టం. నడుముకు సీసం బిళ్లల బెల్టు, అది లేకపోతే మనిషి మునగడు. నాకు ఆరు కిలోలు కట్టాడు. ఈరన్న బండ పన్నెండు కిలోలైనా ఉంటుంది.

రామలింగయ్య నీళ్లలోకి దిగలేదు. పంచె పైకి కట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు.

"మునిగేదానికి దుడ్డిచ్చి ఇంత దూరం రావల్నా సార్? మా ఇంటి వెనకాల బాయి లేదా?"

"దిగండి, మొలలోతే."

"నేను మునిగితే ఆ ప్రదీపు మళ్లీ ఏడు నా కోటా ఎవురికిస్తాడో నాకు తెల్సు. నే దిగను."

అందరూ నవ్వారు. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నాడు.

"మాది కడప, ఆయప్పది ప్రొద్దుటూరు, ఆ మూలాయప్పది అనంతపురం. మీ కొట్టు యాడ సార్?"

"కొట్టు లేదు. పేపర్లో పనిచేస్తాను."

"అట్లనా." కొంతసేపు అన్నం కలుపుకున్నాడు. వెటకారం కాదు, తెలుసుకోవాలని అడిగాడు: "మరి మీరేం అమ్మినారు సార్?"

ఉమామహేశ్వర వెంటనే పెరుగు గిన్నె అతని ముందుకు జరిపాడు.

14, మంగళవారం

మొదటి డైవ్. ఇరవై అడుగులు, 22 నిమిషాలు.

చెవులు నొప్పి పెట్టాయి. ముక్కు మూసుకుని గాలి ఊదితే పోయింది. అడుగున తెల్లటి ఇసుక. పగడపు రాళ్లు. పసుపు చారల చేపల గుంపు నన్ను చుట్టి పోయింది. నా ఊపిరి చప్పుడు తప్ప మరే చప్పుడూ లేదు. ఎవరూ ఏమీ అడగలేరు అక్కడ.

బాగుంది. ఇంతకంటే రాయను.

15, బుధవారం

రెండు డైవ్‌లు. ముప్పై అడుగులు.

సాయంత్రం నాలుగింటికి బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను.

"ఆ సుంకమ్మ ఫోన్ చేసింది" అంది పద్మశ్రీ. "రేపు సార్ వస్తారు గదా అని."

"నువ్వేమన్నావు?"

"రేపేముందో నాకేం తెల్సు? ఆయమ్మే చెప్పింది, విచారణంట. ఊర్లో లేరమ్మా అంటే, రేపటికి వచ్చేస్తారులేమ్మా, సంతకం చేసి నోటీసు తీసుకున్నారంట గదా అంటాది. రేపని తెలిసే పోయినారా?"

"వాయిదా పడుతుందనుకున్నా."

"పడలేదంట."

లైన్లో గరగర. నిమిషాల మీటరు తిరుగుతూనే ఉంది.

"ఫోటోలు ఇక్కడి నుంచి మెయిల్ చేస్తా" అన్నాను. "మా పేపరు బేతంచెర్ల కంట్రిబ్యూటర్ మహానంది ఉన్నాడు కదా, ప్రింట్ తీసి పొద్దున్నే మండలాఫీసులో ఇస్తాడు. నేను లేకపోయినా ఫోటో ఉంటే చాలు."

"చేయండి మరి, ఇప్పుడే" అంది.

బజారు నుంచి రిసార్టుకు పది నిమిషాల నడక. దారిలో రామలింగయ్య టీ కొట్టు దగ్గర కూర్చుని ఉన్నాడు. రమ్మన్నాడు. టీ తాగాను. అతని కొడుకు కొత్తగా పెట్టిన గ్రానైట్ కొట్టు గురించి చెప్పాడు. రెండో టీ కూడా తాగాను.

రిసార్టు ఆఫీసుకు వెళ్లేసరికి 5.20. తాళం వేసి ఉంది. రేపు తొమ్మిదింటికి తెరుస్తారు. విచారణ పదిన్నరకు. గంటన్నర సమయం ఉంటుంది. సరిపోతుంది.

16, గురువారం

పడవ ఏడింటికే బయల్దేరింది. ఇదే లోతైన డైవ్, మిగిలిన రోజుల్లో లేదు. అందరూ ఎక్కేశారు.

నలభై అడుగులు, 31 నిమిషాలు. తాబేలు కనిపించింది.

నీళ్లలో తీసే కెమెరా పడవలో ఉంది. కార్డు మాత్రం ఎవరిది వాళ్లు ఇవ్వాలి. నా కార్డు నిండింది. పాతవి కొన్ని తీసేశాను. ఆఫీసులో కాపీలు ఉంటాయి.

17, శుక్రవారం

విమానం ఎక్కబోయే ముందు రోజుల్లో డైవ్ చేయకూడదట. ఒంట్లో కరిగిన గాలి నెమ్మదిగా బయటికి పోవాలట. గట్టు మీద కూర్చున్నాను. చేపల పేర్లు రాసుకున్నాను. చిలకచేప, సీతాకోకచేప, దేవదూతచేప.

ఇంటికి ఫోన్ చేయలేదు.

18, శనివారం. పోర్ట్‌బ్లెయిర్

పాతవి కొన్ని అని రాశాను. పదకొండు.

ఆఫీసులో కాపీలు ఉంటాయని రాశాను. లేవు. లేవని ఇదే పుస్తకంలో, పన్నెండు పేజీల వెనక, నా చేతిరాతలోనే ఉంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదటి డైవ్ అయ్యాక పడవలో కూర్చున్నాం. టైం పది దాటింది. రెండో డైవ్‌కు ఫోటోలు తీస్తానని ఏసుమణి అందరి కార్డులూ అడిగాడు. నాది కెమెరాలో పెట్టి చూసి, "నిండిపోయిందండి. అక్కర్లేనివి ఏటైనా ఉంటే తీసేయండి" అని నా చేతికిచ్చాడు. కార్డులో నలభై ఫోటోలు. ఇరవై తొమ్మిది ఈ దీవివి. ఓడ, చెక్క గదులు, కొబ్బరిచెట్లు, రామలింగయ్య పంచె. వాటిలో ఏది తీసేసినా చోటు దొరికేది.

ఒక్కో ఫోటోకు కెమెరా అడుగుతుంది, తొలగించాలా అని. అవును అని నొక్కాలి. పదకొండు సార్లు అడిగింది. ఏడోదాని దగ్గర ఆగాను. ఈరన్న, బండ, ఖాళీ అంచు. ఉమామహేశ్వర పడవ రెండో చివర కూర్చుని నిమ్మకాయ కోస్తున్నాడు. అతను నా వైపు చూడలేదు. ఎవరూ చూడలేదు. ఎవరూ అడగలేదు. ప్రదీప్‌కుమార్ ఈ రోజు దాకా ఆ ఫోటోల పేరు ఎత్తలేదు. అవి నా దగ్గర ఉన్నాయో లేవో కూడా అతనికి తెలియకపోవచ్చు.

నొక్కాను.

తర్వాత హాయిగా అనిపించింది. అది కూడా రాయాలి. ఇక మెయిల్ చేయాలా వద్దా అని ఆలోచించే పని లేదు. నీళ్లలోకి దూకాను. తాబేలు నిజంగానే కనిపించింది.

20, సోమవారం. కర్నూలు

ఉదయం ఇల్లు చేరాను. వంటింట్లో ఒక సంచి. అనపకాయలు.

"ఎవరివి?"

"ఆ ఈరన్న అనే ఆయప్ప తెచ్చినాడు" అంది పద్మశ్రీ. "నీళ్లలో దూకే ఆయప్ప. గురువారం సాయంత్రం బస్సుకు వచ్చినాడు."

"ఎందుకు?"

"మీరు మండలాఫీసుకు రాలేదని. దావలో యాక్సిడెంటు అయిందేమో, ఒళ్లు బాగలేదేమోనని చూసిపోదామని వచ్చినాడంట. అండమాన్ పోయినారు, సముద్రంలో దిగుతారంట అని చెప్తే, అట్లయితే మంచిగుండారు గదా అని మంచినీళ్లు తాగి పోయినాడు."

ఆమె అనపకాయలు వలవడానికి కూర్చుంది. నేను షర్టు కూడా విప్పకుండా నిలబడ్డాను.

"టూరిజం వాళ్లు కాదు" అన్నాను. "ప్రదీప్‌కుమార్ పంపించాడు."

"మీ బ్యాగుకు తగిలించిన చీటీలో ఉండాది ఆయప్ప కంపెనీ పేరు. పోయే రోజే చూసినా."

"అడగలేదే?"

"మీరు చెప్తారేమో అని."

21, మంగళవారం

ఆఫీసుకు వెళ్లాను. కంప్యూటర్ వెదికాను. లేవని తెలిసీ గంట వెదికాను.

పాత బస్టాండు దగ్గర స్టూడియో అతనికి కార్డు ఇచ్చాను. పోయిన ఫోటోలు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ అతని దగ్గర ఉంది. మూడు గంటలు పట్టింది.

"వాటి మీదనే మళ్లీ వేరే ఫోటోలు పడినాయి సార్. పాతవి ఉన్న తావులోనే కొత్తవి రాసేస్తాది ఇది. తీసినాక కార్డు ముట్టుకోకుండా పెట్టింటే వచ్చేవి."

నీళ్లలో తీసినవి పదకొండూ ప్రింటు వేసి ఇచ్చాడు, అడగకుండానే. ఏడోది నేను. నల్ల సూటు, కళ్లకు అద్దం, నోట్లో గొట్టం. చేతులు రెండూ చాచి ఉన్నాను. మూలలో తేదీ, టైం పడ్డాయి. ఈరన్న నిలబడిన చోట ఇప్పుడు నేనున్నాను.

మహానందికి ఫోన్ చేసి విచారణలో ఏం జరిగిందో కనుక్కున్నాను. ఈరన్న సాక్ష్యం చెప్పాడు. కంచె ఉంటే బండ పట్టుకుని ఎట్లా దూకుతానని అడిగాడట. ఆధారం ఏముందంటే, పేపరు సార్ ఫోటో తీసినాడు, ఆయప్ప తెస్తాడు అన్నాడట. విచారణ అధికారి నా కోసం మధ్యాహ్నం దాకా ఆగాడు. సాక్ష్యం రాతమూలకంగా ఇవ్వాలనుకున్నవాళ్లకు వారం గడువిచ్చాడు. 23తో అయిపోతుంది.

సాయంత్రం ప్రదీప్‌కుమార్ ఫోన్.

"ఎట్లుండె సార్ ట్రిప్పు?"

"బాగుంది."

"అంతే సార్. మనిషికి అప్పుడప్పుడు గాలి మార్పు ఉండల్ల."

థాంక్స్ అన్నాను. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట.

22, బుధవారం

బేతంచెర్ల పోయాను. రైలు దిగి నడిచాను. గుంత చుట్టూ కంచె ఉంది. నాలుగు వరుసల ముళ్లతీగ, రాతి కూసాలు. రెండు నెలలకే కూసాలకు దుమ్ము పట్టి పాతవాటిలా ఉన్నాయి. ఇప్పుడు ఎవరు చూసినా ఎప్పటినుంచో ఉందనే అనుకుంటారు.

ఈరన్న తన ఇంటి ముందర బండలు పగలగొడుతున్నాడు. సుంకమ్మ కూడా అక్కడే ఉంది, పక్క ఇల్లే. ఈరన్న నన్ను చూసి సుత్తి పక్కన పెట్టి లేచాడు.

"రాండి సార్. మంచిగుండారా? కూసోండి, ఆ బండ చల్లగుంటాది."

"పనికి పోలేదా ఈరన్నా?"

"గురువారం నుంచి గనికి రావద్దన్నారు. పోనీలే సార్, ఈడ కొట్టుకుంటాండా." వెంటనే ముందుకు వంగాడు. "సముద్రంలో దిగినారంట గదా. ఎంత లోతు?"

"నలభై అడుగులు."

"మన గుంత అంత! ఎంతసేపు ఉంటిరి?"

"అర్ధగంట."

"అర్ధగంటనా!" సుంకమ్మ వైపు తిరిగాడు. "వింటివా అక్కా? అర్ధగంట. ఊపిరెట్ల సార్?"

"వీపుకు సిలిండర్ కడతారు. గొట్టంతో పీల్చుకోవడమే."

"నీళ్లు తెల్లగుంటాయా? కనపడతాదా అడుగు?"

"కనపడుతుంది. వంద అడుగుల దూరం దాకా."

ఈరన్న తన అరచేతులు చూసుకున్నాడు. "మనకు చేయి కూడా కనపడదు సార్" అన్నాడు. "తడుముకోవాల. మొకం యాడుండాదో, కాలు యాడుండాదో చేతికే తెలియాల. గుడ్లు తెరిచినా మూసినా ఒకటే. అట్ల కనపడి, గాలి కూడా ఉంటే... రెండో మునకకే తీసుంటా నరసన్నను."

సుంకమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. నిష్ఠూరంగా అనలేదు. జరిగింది చెబుతున్నట్టు చెప్పింది:

"మీ పేరు మూడు తూర్లు పిలిచినారు సార్. పదిన్నరకు ఒగ తూరి, పదకొండుకు ముందర ఒగ తూరి, అన్నాలప్పుడు ఒగ తూరి. మూడు తూర్లూ నేనే లేచి బయటికి పోయి చూసినా. బస్సు దిగుతాండారేమో అని."

అప్పుడు చెప్పాను. టూరు ఎవరిదో చెప్పాను. తేదీ తెలిసే పోయానని చెప్పాను. ఫోటోలు నేనే తీసేశానని చెప్పాను. ఎవరూ తీసేయమనలేదని కూడా చెప్పాను. రాసుకున్నది చదివినట్టు వరుసగా చెప్పాను. వేరే విధంగా నాకు చేతకాలేదు.

ఈరన్న సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. కొట్టలేదు. దాని కర్రను బొటనవేలితో రుద్దుతూ ఉన్నాడు.

"నాది కూడానా సార్?"

"అవును."

"నాకు కాపీ ఇస్తానంటిరి."

నేను చెంబు అందుకోబోయి ఆగాను.

"నన్ను ఫోటో తీసినోళ్లు లేరు సార్. రేషన్ కార్డుకు తీసినారు, అది మొకం వరకే. పనిలో ఉండంగ ఎవరూ తీయలేదు. ఇంట్లో పెట్టుకుందామనుకుంటి."

సుంకమ్మ చెంబు తీసుకుని లోపలికి పోయింది. నేను నీళ్లు తాగలేదు. తాగమని ఆమె అనలేదు.

లేచి వస్తుంటే ఈరన్న వెనక నుంచి అన్నాడు: "రేపు ఆఖరు దినం సార్."

23, గురువారం. బేతంచెర్ల, స్టేషన్‌లో

రాతమూలకంగా ఇచ్చాను. పొద్దున ఆఫీసుకు పోయే ముందు ఇంట్లోనే రాశాను. పద్మశ్రీ చదివింది. ఒక చోట "అనివార్య కారణాల వల్ల హాజరు కాలేకపోయాను" అని ఉంది. వేలు పెట్టి చూపించింది. కొట్టేశాను.

మొత్తం పంతొమ్మిది లైన్లు. డిసెంబరు 12 ఉదయం ఏడున్నరకు ఆ గుంతకు కంచె లేదని, నేను కళ్లారా చూశానని, పదకొండు ఫోటోలు తీశానని. ఆ గని యజమాని ఖర్చుతో ఫిబ్రవరి పదకొండవ తేదీన సముద్రంలో డైవింగ్ విహారానికి పోయానని. విచారణ రోజున ఆ ఫోటోలు నా చేతులతో తొలగించానని. అలా చేయమని నన్ను ఎవరూ కోరలేదని. చిన్న ఈరన్న చెప్పింది నిజమని.

ఒక నకలు మా ఎడిటర్‌కు పోస్టు చేశాను. ఇక ఈ ఉద్యోగం ఉంటుందని అనుకోను. ఉండాలని అడిగే ముఖం కూడా లేదు.

మండల ఆఫీసులో క్లర్కు నా కాగితాలు రెండుసార్లు చదివాడు. అతను నాకు పదేళ్లుగా తెలుసు. తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఇంత రాయల్నా సార్? కంచె లేదు అని ఒక ముక్క రాసిచ్చి పోతే పోతాది గదా. కడమదంతా మీ మెడకే సుట్టుకుంటాది."

"అది లేకపోతే ఇది ఎవరు నమ్ముతారు? ఫోటోలు ఏవంటే ఏం చెప్పాలి?"

"ఇంత రాసినా ఫోటో లేకుంటే మాటే సార్. వాళ్ల లాయరు, పూటకో మాట చెప్పే మనిషి అంటాడు."

"అననీ."

జతపరిచిన పత్రాలు అన్న చోట ఒకటి అని రాసి ఉంది. కవర్లో నుంచి తీసి ఇచ్చాను. స్టూడియో అతను వేసిన ఏడో నంబరు ప్రింటు. క్లర్కు దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇదెవరు సార్?"

"నేనే. మూలలో టైం చూడు."

"పదహారు, రెండు, రెండువేల ఆరు. పది యాభై రెండు." లెక్క వేసుకున్నాడు. ఆ రోజు హాజరు పట్టీ అతనే రాశాడు. "రెండో తూరి మీ పేరు పిలిచింది అప్పుడే."

"అందుకే పెట్టాను."

గుండుసూదితో కాగితాలకు గుచ్చబోయి ఆగాడు. "దీని కింద ఏమన్నా రాయల్ల సార్. ఊరికే ఫోటో పెడితే పైన అడుగుతారు."

ఫోటోల కింద రాయడం ఇరవై రెండేళ్లుగా నా పని. అతని పెన్ను తీసుకుని రాశాను: "16-2-2006 ఉదయం 10.52. విచారణలో పేరు పిలిచిన సమయానికి సాక్షి."

క్లర్కు చదివాడు. ఫోటోను కిటికీ వెలుగులోకి తీసుకుపోయి ఇంకోసారి చూశాడు.

"నోట్లో అదేందో ఉండాది గాని సార్," అన్నాడు, "కండ్లు నవ్వుతాండాయి."

"అవును. నవ్వుతున్నాను" అన్నాను. "అది కూడా రాసుకో."